ఎడమచేతి శిలావీరుడు

మా ముత్తాత రాళ్ళచావిడి వెంకటశెట్టిగారు. ఎర్రగుంట్ల పక్కన ఆయనకు నాపరాతి గనులు ఉండేవి. కడపలో ఎవరు మేడ కట్టినా, గుడికి మండపం వేసినా, నేల మీద పరిచే బండ ఆయన గనిలోంచి రావలసిందే. ఆయన బజారులో నడిచి వస్తుంటే గుడ్డల అంగళ్ళలో కూర్చున్నవారు గజంబద్ద పక్కన పెట్టి లేచి నిలబడేవారని, ఆయన దాటిపోయాకనే మళ్ళీ కూర్చునేవారని చిన్నప్పుడు విన్నాను. ఆయన కుమారుడు రామసుబ్బయ్యశెట్టిగారు మా జేజినాయన. తిరునాళ్ళలో దేవుడి రథం కదిలే ముందు తొలి టెంకాయ ఆయన చేతి మీదుగానే కొట్టించేవారు. ఆ రెండు పేర్లూ ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరికీ తెలియవు. మొన్న కొరియరు మనిషి మా గేటు ముందు మోటారు సైకిలు ఆపి, కవరు మీది పేరు పైకి చదివి, "ఏమప్పా, రాళ్ళచావిడి అంటే మనిషా, ఊరా?" అని అడిగాడు. మనిషే అని చెప్పి, సంతకం చేసి తీసుకున్నాను.

కవరులో ఒక బొమ్మల పుస్తకం ఉంది. నునుపైన మందపాటి కాగితం, చీకటి రంగుల అట్ట, దాని మీద మెరిసే అక్షరాలతో 'శిలావీర్ – మొదటి సంచిక' అని ఉంది. నా ఈడు వారికి, ముఖ్యంగా కడప, కర్నూలు వైపు బడికి పోయిన వారికి, ఈ పేరు వినగానే పాత పేరు గుర్తుకు వచ్చే ఉంటుంది. మన రోజుల్లో ఆయన శిలావీరుడు. పిల్లల నోట బండోడు. బండ పగిలి కూలిన గనిలో పడి, చనిపోయాడనుకున్న కూలివాడు నాపరాతి ఒంటితో లేచి వచ్చి, ఎండిన ఊళ్ళలో పిడికిలితో కొండ చీల్చి నీళ్ళు తెచ్చిన బండోడు. ఆ పుస్తకం మా ఇంట్లో పుట్టింది. మా ఇంటి ప్రెస్సులో, మా ఇంటి రాతి మీద పుట్టింది.

రెండేళ్ళ కిందట హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వారు వచ్చి, శిలావీరుణ్ణి మళ్ళీ మొదటి సంచిక నుంచి కొత్తగా మొదలు పెడతామని, హక్కులు ఇవ్వమని అడిగినప్పుడు, నేను వారిని ఒక్కటే కోరాను. మొదటి పుటలో మా వంశం పేరూ, మా జేజినాయన పేరూ వేయాలి. వేశారు. బంగారు రంగులో వేశారు. దాన్ని నిలబడే చదివాను. చదివి పుట తిప్పితే అక్కడ కొండ ముందు బండోడు పిడికిలి ఎత్తి నిలబడి ఉన్నాడు. ఎత్తింది కుడిచెయ్యి. చివరి దాకా ప్రతి పుటా చూశాను. ఎక్కడా ఎడమచెయ్యి లేవలేదు. పుస్తకం మూసి, టీవీ మీద పెట్టి, వసారాలోకి వచ్చి కూర్చున్నాను. చెయ్యి మారిందని ఒక డెబ్బై ఏళ్ళ మనిషి ఎందుకింత బాధపడాలో చెప్పాలంటే మా రాళ్ళ ప్రెస్సు సంగతీ, మా అత్త సంగతీ చెప్పాలి.

జేజినాయనకు గనుల మీద కంటే కాగితం మీద మోజు ఎక్కువ. మా గనిలో ఒక పొర దగ్గర వెన్నముద్దలాంటి సన్నని రాయి పడేది. అది రాతి అచ్చుకు పనికివస్తుందని ఎవరో చెబితే, ఇంటి వెనక పెద్ద సావడిలో ప్రెస్సు పెట్టించాడు. రాతి అచ్చు ఇప్పటివారు చూసి ఉండరు. నునుపు చేసిన రాతి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపి సిరా పూస్తే, సిరా ఆ జిడ్డు గీతలకే అంటుకుంటుంది. దాని మీద కాగితం వేసి ఒత్తితే బొమ్మ పడుతుంది. అయితే రాతి మీద ఉన్నది కాగితం మీద అద్దంలోలాగా తిరగబడి పడుతుంది. కాబట్టి రాతి మీద అన్నీ తిరగేసి గీయాలి, తిరగేసి రాయాలి. పని అయిపోయాక ఆ రాతినే ఇసుకా నీళ్ళూ వేసి, ఇంకో రాతితో రుద్ది, బొమ్మను చెరిపేసి, దాని మీదనే కొత్త బొమ్మ గీస్తారు. మా ఇంట్లో పొద్దున లేస్తే చెవిన పడే మొదటి చప్పుడు ఆ రుద్దుడే. ఇప్పటికీ ఎక్కడైనా గచ్చు రుద్దుతుంటే నాకు ఇంటి వాసన వచ్చినట్టుగా ఉంటుంది.

ఆ ప్రెస్సులో ఊదువత్తుల చీటీలు, పెండ్లిపత్రికలు, ఉర్దూ కరపత్రాలు అచ్చయ్యేవి. తరువాత జేజినాయనకు పిల్లల కోసం బొమ్మల కథ వేయాలని బుద్ధి పుట్టింది. కథ ఆయనే చెప్పాడు. గీయడానికి మద్రాసు నుంచి చిత్రకారుణ్ణి పిలిపించాలనుకున్నాడు గాని, ఆ అవసరం రాలేదు. మా ఇంట్లోనే మా అత్త ఉంది.

అత్త మా నాయనకు అక్క. బద్వేలులో పెద్ద వ్యాపారం చేసే ఇంటికి ఆమెను ఇచ్చారు. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె మా ఇంట్లో ఉంది. ఒంట్లో బాగాలేక వచ్చిందని మాకు చెప్పేవారు. కాని నేనెన్నడూ ఆమె పడకేసి చూడలేదు. తెల్లవారక ముందే లేచి వాకిలంతా ముగ్గు నింపేది. ఆ ముగ్గులు చూసే జేజినాయన ఆమెను ప్రెస్సులోకి రానిచ్చాడు. ఉర్దూ కరపత్రాలు రాసే ముసలి సాయిబుగారు చాప తడిక అవతల కూర్చొని, ఈవల కూర్చున్న అత్తకు రాతి మీద తిరగేసి రాయడం నేర్పాడు. నాలుగైదు నెలలకు, తెలుగు అక్షరాలను కుడి నుంచి ఎడమకు తలకిందుల లోకంలో పుట్టినదానిలాగా రాసేది. రాతికి చెయ్యి తగలకుండా అడ్డంగా చెక్క పెట్టుకొని, దాని మీద మణికట్టు ఆనించి గీసేది. కొంచెం ఒళ్ళు తగిలినా ఆ జిడ్డు అచ్చులో మచ్చై పడుతుందని నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు.

మొదటి సంచిక మొదటి పుట రాయి మిషను ఎక్కిన రోజు నాకు బాగా గుర్తు. దసరా సెలవులు. సావడిలో జేజినాయన తెల్లని పంచె కట్టి, చేతికర్ర పట్టుకొని, నిటారుగా నిలబడి ఉన్నాడు. అచ్చు మేస్త్రీ కూడా మా ఊరి సాయిబే, ఇంకొకాయన, చతురుడు. మొదటి కాగితం తీసి వెలుతురుకు ఎత్తి చూసి, మెల్లగా అన్నాడు:

"శెట్టిగారూ, మనోడు ఎడం చేత్తో కొడ్తాండాడే."

చుట్టూ ఉన్నవారు నవ్వు ఆపుకోలేకపోయారు. "అన్నం గూడా ఆ చేత్తోనే తింటాడేమో అడగప్పా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరికీ ఒకటే అర్థమైంది. అత్త బొమ్మను తిరగేసి గీయడం మరిచిపోయింది. రాతి మీద కుడిచెయ్యి ఎత్తించింది గనుక కాగితం మీద ఎడమచెయ్యి లేచింది. ఇంకో రాయి నునుపు చేసి మళ్ళీ గీయాలంటే పండగ దాటిపోతుంది. అత్త తడిక వెనక తల వంచుకొని కూర్చుంది. జేజినాయన కాగితం తీసుకొని చాలాసేపు చూశాడు. మా ఇంట్లో పొరపాటు జరిగిందని ఆయన నోటితో అనగా ఎవరూ వినలేదు. ఆ రోజూ వినలేదు.

"అది వాని వ్రతం. కుడిచెయ్యి పెట్టేదానికి, ఎడంచెయ్యి కొట్టేదానికి. రెండూ ఒకే చేత్తో చేసేవాడు వీరుడెట్లయితాడు? తొయ్యి మిషను" అన్నాడు.

ఆ మాట అప్పటికప్పుడు అట్ట వెనక అచ్చు వేయించాడు. అంతే, ఆ మాటతోనే బండోడు బండోడయ్యాడు. నీళ్ళు పంచేటప్పుడు కుడిచెయ్యి, కొండ చీల్చేటప్పుడు ఎడమచెయ్యి. రెండు చేతులనూ పిల్లలు దేవుడి అవతారాల్లాగా గుర్తు పెట్టుకున్నారు. బడిలో కొట్లాట వస్తే అందరూ ఎడమచెయ్యి ఎత్తేవారు. ఎడమచేత్తో గోలీలు ఆడడం, ఎడమచేత్తో తలుపు కొట్టడం ఒక పిచ్చిగా మారింది. మా పంతులు ఒకరు నన్ను లేపి, మీ ఇంటివాళ్ళు జిల్లా పిల్లలందరికీ చెయ్యి తిప్పేసినారు గదరా అని ఎగతాళి చేస్తే, నేను గర్వంగా నిలబడ్డానే గాని తల వంచలేదు. ఆ సంచికలు ఎన్ని వచ్చినా, ప్రతి నెలా పాత బొమ్మలు రుద్ది చెరిపి ఆ రాళ్ళ మీదే కొత్తవి గీసినా, ఆ మొదటి పుట రాతిని మాత్రం జేజినాయన రుద్దనివ్వలేదు. పడసాలలో గోడకు ఆనించి నిలబెట్టించాడు. వచ్చినవారందరూ దాన్ని చూసి, రాతి మీద కుడిచెయ్యిగా ఉన్నదాన్ని చూసి, వ్రతం సంగతి అడిగి తెలుసుకొని వెళ్ళేవారు.

ఒక వేసవిలో ఓర్వకల్లు వైపు నుంచి ఒక తల్లి, కూతుర్ని వెంటబెట్టుకొని, కడపలో పెండ్లికి వచ్చి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ పిల్లది ఎడమచేతి వాటం. బండోడి పుస్తకం వచ్చాక ఇంట్లో కొట్టడం మానేశారని, ఆ బొమ్మ వేసిన అయ్యకు దండం పెట్టుకోవాలని ఆ తల్లి అంది. జేజినాయన దండం అందుకున్నాడు. అత్త లోపలి నుంచి చేటలో బొరుగులు, పుట్నాలు తెచ్చింది. పిల్ల అలవాటుగా కుడిచెయ్యి చాచింది. ఇతరుల ఇంట్లో ఎలా ఉండాలో తల్లి నేర్పి ఉంటుంది. అత్త ఆ చేతిలో పెట్టలేదు. వంగి, పిల్ల ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకొని, విప్పి, గుప్పెడు నిండా పోసింది. మా జేజి, అంటే మా నాయనమ్మ, గడప దగ్గర నుంచి చూసి ముఖం తిప్పుకొని లోపలికి పోయింది. ఎడమచేతిలో పెట్టడం శుభం కాదనేగా ఆ కాలపు నమ్మిక. నాకు అది వింతగా తోచింది గాని, ఎందుకో అడగాలని తోచలేదు.

తరువాతి కథ మీ ఇళ్ళలోనూ జరిగి ఉంటుంది, రంగు మాత్రమే వేరు. పెద్ద ఊళ్ళ నుంచి రంగురంగుల పుస్తకాలు చవకగా వచ్చాయి. రాతి అచ్చుకు రోజులు చెల్లాయి. జేజినాయన పోయాడు. గనులు పోయాయి. మా నాయన ప్రెస్సులో చీటీలు వేసుకుంటూ కొంతకాలం మర్యాద నిలిపాడు, చిన్నాన్నలతో పంపకాలయ్యాక అదీ నిలవలేదు. నేను ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ టైము ఆఫీసులో చేరి, అక్కడే రిటైరయ్యాను. మా ముత్తాత గనుల రాయి లారీల్లో వచ్చి పొడి అవుతుంటే, కూలీలు వచ్చిన వేళా పోయిన వేళా రాసుకుంటూ కూర్చున్నాను. ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. చొక్కా మడత నలగకుండా పోయేవాణ్ణి, అలాగే వచ్చేవాణ్ణి.

అత్త చివరి దాకా మాతోనే, అద్దె ఇంట్లో ఉంది. మా జేజి, మా నాయన పోయాక, ఇంట్లో ఆమెను ఏమైనా అనేవారు లేకపోయాక, ఆమె మెల్లగా ఎడమచేత్తో పనులు చేయడం నేను గమనించాను. ఒక మధ్యాహ్నం వసారాలో కందిపప్పు చెరుగుతూ, రాళ్ళను ఎడమచేత్తో ఏరి పారేస్తుంటే, నేను నవ్వుతూ, అత్తా, నువ్వు కూడా బండోడి వ్రతం పట్టినావా అన్నాను. చేట ఆపింది. గుప్పిట్లోని రాళ్ళు పారేసి చెప్పింది.

చిన్నప్పుడు ఆమె ఎడమచేతి వాటమట. అన్నం తినేటప్పుడు మా జేజి ఆ చేతిని నడుముకు పైటగుడ్డతో కట్టేసి కూర్చోబెట్టేదట. ఏళ్ళ తరబడి కట్టి, కట్టి, చివరికి కుడిచెయ్యి అలవాటు చేసి, బద్వేలుకు కాపురానికి పంపారు. అక్కడ ఒక రోజు బంధువులు పంక్తిలో కూర్చున్నప్పుడు, తొందరలో, పెద్ద మామగారి విస్తట్లో ఎడమచేత్తో నెయ్యి వడ్డించింది. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడు ఆమెను పెట్టెతో సహా బస్సు ఎక్కించారు. మళ్ళీ ఎవరూ పిలవలేదు. మా ఇంటివాళ్ళు అడగడానికి పోలేదు. రాళ్ళచావిడి వాళ్ళు ఒకరి గడప ముందు నిలబడరు కదా. ఒంట్లో బాగాలేదన్న మాట ఒకటి ఊళ్ళో చెప్పి ఊరుకున్నారు.

నేను మొదటి పుట పొరపాటు మాట ఎత్తాను. అది విని ఆమె నవ్వింది. ఆమె అలా నవ్వగా అంతకు ముందు నేను చూడలేదు.

"అచ్చరాలన్నీ తిరగేసి రాసినదాన్ని, ఒక్క చెయ్యి తిప్పేది మర్సిపోతానా నాయనా? తెలిసే గీసినా. కొట్టే చెయ్యి ఎడమదే కావల్లనుకున్న్యా. మీ జేజినాయన తప్పనుకుని, ఆ తప్పు దాసిపెట్టేదానికి వ్రతమన్న్యాడు. అనుకోనీలే అని గమ్మునుంటి."

"ఎవరికీ చెప్పాకు. ఆయన మాట పోతాది" అంది. మళ్ళీ చేట అందుకుంది.

చెప్పలేదు. ఆమె పోయి ఏళ్ళైనా చెప్పలేదు. హైదరాబాదు వారు అట్టలు ఊడిపోయిన పాత సంచికలు తీసుకుపోయినప్పుడు కూడా బొమ్మలు గీసింది ఎవరని అడిగితే, మా ఇంట్లోనే గీశారని మాత్రం చెప్పాను. మా ఇంటి ఆడకూతురి పేరు, ఆమె కాపురం సంగతి పరాయి వాళ్ళకు చెప్పుకునే అలవాటు మాకు లేదు. చెయ్యి ఎలాగూ ఉంటుంది, అది చాలు అనుకున్నాను. ఆమెది అని ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క చెయ్యే. దాన్ని ఎవరైనా మారుస్తారని నా ఊహకు రాలేదు.

పుస్తకం వచ్చిన సాయంత్రం కంపెనీకి ఫోను చేశాను. పుస్తకం తయారు చేసే అమ్మాయి మాట్లాడింది. మంచి పిల్ల, చాలా మర్యాదగా మాట్లాడింది. ముందు కాగితం బాగుందని చెప్పి, తరువాత చెయ్యి సంగతి అడిగాను.

"అవును సర్, అది మేం కనిపెట్టాం. పాత లిథో ప్రెస్సుల్లో బొమ్మ అట్లా ఉల్టా పడుతుండె కదా. మీ తాతగారి టైంలో సరిచేసే వీలు లేకుండె. ఇప్పుడు మేం కరెక్ట్ చేసినం" అంది. ఆ గొంతులో ఒక ఉపకారం చేశానన్న సంతోషం ఉంది.

అది పొరపాటు కాదమ్మా అన్నాను. మరేంటి సర్ అని అడిగింది. అడిగి, ఆగింది. నిజంగా వినాలనే ఆగింది. నా నోటి దాకా అత్త వచ్చింది. పంక్తిలో లేచిపోయిన పెద్ద మామగారు వచ్చాడు, బస్సు మీద పెట్టె వచ్చింది. కాని గొంతు సవరించుకొని నేను చెప్పింది మా జేజినాయన మాట. అది ఆ వీరుడి వ్రతం, కుడిచెయ్యి పెట్టడానికి, ఎడమచెయ్యి కొట్టడానికి అన్నాను. ఆ అమ్మాయి రాసుకుంది. భలే ఉంది సర్, మూడో సంచికలో ఫ్లాష్‌బ్యాక్‌లో ఎక్కడైనా వాడుకుంటాం అంది. కృతజ్ఞతలు చెప్పి ఫోను పెట్టేశాను.

జేజినాయన మాట ఎలాగూ అట్ట వెనక నుంచి పోయింది కాబట్టి, అత్తకు ఇచ్చిన మాట ఇంక దేనికీ కాపలా కాయడం లేదని తోచి, ఇది రాస్తున్నాను. ఇప్పుడు మా వీధిలో పిల్లలు ఎడమచేత్తో రాస్తారు, ఎడమచేత్తో క్రికెట్టు ఆడతారు, ఎడమచేత్తో సెల్లు నొక్కుతారు, ఎవరూ ఏమీ అనరు. పక్కింటి కోడలు మొన్న నాకు ఎడమచేత్తోనే పాయసం గిన్నె అందించింది, ఆ పిల్లకు అది తెలియను కూడా తెలియదు. మంచి కాలమే. ఒక పిల్ల చెయ్యి నడుముకు కట్టేయని కాలం రావాలనేగా అత్త కోరుకుని ఉంటుంది. కాని ఆ కాలం వచ్చేసరికి, ఆ కోరిక ఎవరిదో, ఏ చేత్తో గీసిందో తెలిసినవారు లేకుండా పోయారు. బండోడు మళ్ళీ పుట్టాడు. కొండలు చీలుస్తాడు, కొత్త పిల్లలు చూస్తారు. అతనికి మా అత్తతో ఏ సంబంధమూ లేదు.

పంపకాల్లో ప్రెస్సు రాళ్ళు ఎవరి వాటాకూ రాలేదు. వాటిని ఎర్రగుంట్లలో రాళ్ళు రుద్ది నునుపు చేసే ఒక పాలిషు ఫ్యాక్టరీకి బండల లెక్కన అమ్మారు. పడసాలలోని మొదటి పుట రాయి కూడా ఆ లారీలోనే వెళ్ళింది.